డాబా మీద తీర్మానం

బి.ఏ.లో నాది చరిత్ర. ఫ్రెంచి విప్లవం అంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు పులకరిస్తుంది. "నీ విప్లవాలన్నీ పడక్కుర్చీలోనే" అని మావారు వేళాకోళం చేస్తారు. చేయనివ్వండి.

1789 అక్టోబరు 5న పారిస్ బజారులో చేపలూ కూరలూ అమ్ముకునే ఆడవాళ్ళు, రొట్టె దొరక్క కడుపు మండి, డోలు కొట్టుకుంటూ వెర్సాయి రాజభవనానికి బయల్దేరారు. ఇరవై కిలోమీటర్ల నడక, పైగా వాన! దారిలో కనబడ్డ టోపీల దొరసానుల్ని కూడా చెయ్యి పట్టుకుని తమతో లాక్కుపోయారట. మర్నాడు రాజునీ రాణినీ కొడుకునీ "రొట్టెలవాడు, రొట్టెలామె, రొట్టెల కుర్రాడు" అని ఎగతాళి చేస్తూ పారిస్‌కి తీసుకొచ్చారు. దీనిమీద ఓ నవల రాద్దామని నోట్సు రాసుకుంటున్నాను. టోపీ దొరసానే నా కథానాయిక. బురదలో, చేపలామె చెయ్యి పట్టుకుని నడుస్తూ ఉంటుంది.

సరిగ్గా అప్పుడే మా అపార్ట్‌మెంట్ ఆడవాళ్ళం డాబా మీద సమావేశమయ్యాం. పనిమనుషులంతా కూడబలుక్కుని నెలకి రెండు సెలవులూ, మూడొందలు ఎక్కువా అడుగుతున్నారు. "ఏ ఒక్కరు ఒప్పుకున్నా అందరికీ తలనొప్పే. మనం ఐకమత్యంగా ఉండాలి" అంది రెండో అంతస్తావిడ. అందరూ చేతులెత్తారు. నేనూ ఎత్తాను. చెయ్యి దానంతటదే లేచిందంటే మీరు నమ్మరు.

మర్నాడు మా పనిమనిషి అంట్లు తోముతూ, తలెత్తకుండా, "మీరూ చెయ్యెత్తారంటగా అమ్మా?" అంది. ఆ గొంతులో కోపం ఉన్నా బావుండేది.

ఆ రాత్రి మళ్ళీ నోట్సు తీశాను. 1793లో సరుకులకి గరిష్ఠ ధరలు కట్టాలని క్లబ్బుల ఆడవాళ్ళు పట్టుబట్టారు. కట్టాక, అమ్ముకునే ఆడవాళ్ళ బేరం దెబ్బతింది. పైగా ఎర్రటోపీ పెట్టుకోమని వీళ్ళ ఒత్తిడి ఒకటి! బజారువాళ్ళు వీళ్ళమీద పడి కొట్టారు. ఇదే అదనుగా అక్టోబరు 30న ప్రభుత్వం ఆడవాళ్ళ క్లబ్బులన్నీ మూయించేసింది. కాలేజీలో ఈ పేజీ పరీక్షకి రాదని మాకు చెప్పనేలేదు.

తెల్లవారాక మా పనిమనిషితో గుట్టుగా చెప్పాను, ఆ మూడొందలూ సెలవులూ నేనిస్తానని. ఆమె చెయ్యి కడుక్కుని లేచింది.

"నా ఒక్కదానికే ఇస్తే మావాళ్ళకి మొహమెలా చూపించనమ్మా? ఇప్పిస్తే అందరికీ ఇప్పించండి."

ఒకటో తారీఖు నుంచి ఎవరూ పనిలోకి రావడం లేదు. ఈ సాయంత్రం డాబా మీద మళ్ళీ సమావేశం. అక్కడ ఏమనాలో అంట్లు తోముకుంటూ ఆలోచిస్తున్నాను.