మన ఆటకు ఏ ఇంజిన్?

"అన్నా, గేమ్ తయారు చెయ్యాలంటే ఏ ఇంజిన్ తేలిక?" మా దగ్గర కంప్యూటర్ నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు మొదటి వారంలోనే అడిగే ప్రశ్న ఇది. యూట్యూబ్‌లో దీనికి జవాబు చెప్పే వీడియోలు కావలసినన్ని ఉన్నాయి. ఊళ్ళో మంచి కంప్యూటర్, ఇంట్లో వైఫై ఉన్నవాళ్ళకు అవి సరిపోతాయి. గూడెంలో కూర్చుని వింటే ఆ జవాబులు సగమే పనికొస్తాయి. మిగతా సగం మేమే వెతుక్కోవాల్సి వచ్చింది. అదే ఇక్కడ రాస్తున్నాం.

మేము నలుగురం. గోదావరి పక్క కోయ గూడేలవాళ్ళం. ఇద్దరం డిగ్రీ చదువుతున్నాం, ఒకరు పాలిటెక్నిక్ ముగించారు, ఒకరు బడిలో చిన్నపిల్లలకు పాఠాలు చెబుతున్నారు. నలుగురికీ కలిపి ఒకటే ల్యాప్‌టాప్. 4 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. నెట్ అంటే ఫోన్ నెట్టే, అదీ చింతచెట్టు దాటి రోడ్డు మీదికి వస్తేనే. ఈ సంగతులు ముందే ఎందుకు చెబుతున్నామంటే, ఏ ఇంజిన్ తేలిక అనేదాంట్లో సగం జవాబు వీటిలోనే ఉంది.

గేమ్ ఇంజిన్ అంటే ఆటకు కావలసిన మామూలు పనులన్నీ ముందే చేసి పెట్టిన సాఫ్ట్‌వేర్. తెర మీద బొమ్మ చూపించడం, వేలు ఎక్కడ తగిలిందో తెలుసుకోవడం, శబ్దం వినిపించడం, ఒక బొమ్మ ఇంకో బొమ్మను తాకిందా లేదా చూడడం, ఇవన్నీ అదే చూసుకుంటుంది. మనం కథ, నియమాలు, బొమ్మలు ఇస్తే చాలు. పెద్ద ఆటలూ చిన్న ఆటలూ ఇలాగే తయారవుతాయి. ప్రపంచమంతా ఆడిన అండర్‌టేల్ 2015లో గేమ్‌మేకర్ అనే ఇంజిన్‌తో వచ్చింది. 2017లో వచ్చిన హాలో నైట్ యూనిటీతో చేసింది. ఇవి చూసి మన పిల్లలు "యూనిటీయే నేర్చుకుంటాం, లేదంటే అన్‌రియల్" అంటారు. అన్‌రియల్ మాట మా దగ్గర అక్కడితోనే ఆగిపోతుంది. దాన్ని ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించాలంటేనే పదుల జీబీలు కావాలి. రోజుకు 1.5 జీబీ వచ్చే ఫోన్ ప్యాక్‌తో అది ఎన్ని రోజుల పనో లెక్కేసుకోండి. దిగినా మా ల్యాప్‌టాప్ దాన్ని మోయలేదు.

యూనిటీ అంత బరువు కాదు, అయినా కొన్ని జీబీలు పడుతుంది. ఖాతా తెరవాలి, లైసెన్సు తీసుకోవాలి, వాటికి నెట్ కావాలి. మా యంత్రంలో తెరుచుకుంది. తెరుచుకునేలోపు టీ తాగి రావచ్చు. ఇక రాయాల్సింది సీ షార్ప్ భాషలో. అది మంచి భాషే, నేర్చుకుంటే ఉద్యోగాలకూ పనికొస్తుంది. కానీ తొమ్మిదో తరగతి పిల్లకు మొదటి రోజే అది ఇస్తే రెండో రోజు రాదు.

గొడాట్ సంగతి వేరు. దాని జిప్ ఫైలు వంద ఎంబీ లోపే. ఇన్‌స్టాల్ చెయ్యనక్కర్లేదు, జిప్ విప్పి నొక్కితే తెరుచుకుంటుంది. ఖాతా అడగదు. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఒక గూడెం నుంచి ఇంకో గూడేనికి తీసుకెళ్ళాం. కొత్త ప్రాజెక్టు తెరిచేటప్పుడు రెండరర్ ఏది కావాలి అని అడుగుతుంది. అక్కడ కంపాటిబిలిటీ అన్నది ఎంచుకుంటే పాత యంత్రాల మీద కూడా నడుస్తుంది. ఇది తెలియక చాలామంది "మా సిస్టమ్‌లో గొడాట్ పనిచెయ్యదు" అని వదిలేస్తున్నారు. అందులో వాడే జీడీస్క్రిప్ట్ భాష పైథాన్‌ను పోలి ఉంటుంది, బడిలో పైథాన్ మొదలుపెట్టిన పిల్లలు తడుముకోకుండా చదువుతారు.

అయితే మా తీర్పు తేల్చింది బరువు కాదు, అక్షరం.

ఏ ఇంజిన్ తెరిచినా మేము మొదట ఒకే మాట టైపు చేసి చూస్తాం: సమ్మక్క. తెలుగు అక్షరాలు ఇంగ్లీషు అక్షరాల్లా ఒకదాని పక్కన ఒకటి నిలబడవు. మ కింద మ చేరాలి, క కింద క చేరాలి, గుణింతం అక్షరంతో కలిసిపోవాలి. ఈ కలిపే పని ఇంజిన్‌కు చేతకాకపోతే తెర మీద "సమ్‌మక్‌క" అని వస్తుంది. కొన్నిట్లో ఇంకా ఘోరం, కొమ్ములూ దీర్ఘాలూ విడిగా పడి ఉంటాయి. యూనిటీలో ఎక్కువమంది వాడే టెక్స్ట్‌మెష్ ప్రోలో మాకు జరిగింది ఇదే. కొందరు దీనికి ఉపాయంగా మాటలను బొమ్మలుగా గీసి పెడతారు. పది మాటలైతే ఫర్వాలేదు, కథంతా బొమ్మలుగా గీయాలంటే కాదు. ఒక జాగ్రత్త: పడవ, మడమ లాంటి మాటలతో పరీక్ష చెయ్యకండి. ఒత్తూ గుణింతమూ లేని మాట ఎక్కడైనా బాగానే కనబడుతుంది.

గొడాట్ పాత 3వ వెర్షన్‌లోనూ ఇదే బాధ ఉండేది. 2023 మార్చిలో వచ్చిన 4వ వెర్షన్‌లో అక్షరాలు కలిపే పని కొత్తగా రాశారు. ఇప్పుడు సమ్మక్క సమ్మక్కగానే కనబడుతుంది. నోటో సాన్స్ తెలుగు ఫాంటును ఉచితంగా దించుకుని ప్రాజెక్టులో పెట్టుకుంటే ఏ ఫోన్‌లోనైనా అలాగే వస్తుంది. కోయ మాటలను మేము తెలుగు లిపిలోనే రాసుకుంటాం కాబట్టి మాకు దీనితో పని అయిపోయింది. ఆదిలాబాద్ వైపు గోండు తమ్ముళ్ళకు ఇంకో మంచి మాట. గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది, నోటో ఫాంట్లలో దానికీ ఒకటి ఉంది. గుంజాల ఊళ్ళో చేతిరాత పుస్తకాల్లో ఉన్న లిపి ఫోన్ ఆటలో కనబడడానికి సాంకేతికంగా ఇప్పుడు అడ్డేమీ లేదు. చేసేవాళ్ళు కావాలి.

టీచర్లకు ఇక్కడ ఒక మాట. మీలో చాలామంది దగ్గర కథలు, పాటలు, పొడుపుకథలు ఏళ్ళ తరబడి అను ఫాంట్లలో టైపు చేసి ఉన్నాయి. అవి ప్రింటుకు పనికొస్తాయి గానీ యూనికోడ్ కావు. ఏ ఇంజిన్‌లో అతికించినా పిచ్చి గుర్తులే వస్తాయి. తప్పు ఇంజిన్‌ది కాదు. ముందు యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు ఒకసారి సరిచూసుకుని, అప్పుడు పిల్లలకు ఇవ్వండి.

డబ్బు మాట, హక్కు మాట కూడా చెప్పాలి. 2023 సెప్టెంబరులో యూనిటీ కంపెనీ ఒక కొత్త రుసుము ప్రకటించింది. ఆట ఒక స్థాయి దాటి అమ్ముడుపోయాక ప్రతి ఇన్‌స్టాల్‌కూ ఇంత కట్టాలని. ప్రపంచమంతా గొడవైంది, ఏడాదికి ఆ రుసుమును రద్దు చేశారు. మనలాంటి చిన్నవాళ్ళకు అది ఎలాగూ తగిలేది కాదు. కానీ ఏళ్ళ తరబడి పని చేసినవాళ్ళకు ఒక పొద్దున లేచేసరికి షరతులు మారిపోయాయి. పైనుంచి షరతులు మారడం అంటే ఏమిటో మన పెద్దవాళ్ళకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. గొడాట్‌ను అర్జెంటీనాకు చెందిన హువాన్ లినియెట్‌స్కీ, అరియెల్ మంజూర్ మొదలుపెట్టారు. 2014లో ఎంఐటీ లైసెన్సు కింద అందరికీ వదిలేశారు. దానితో చేసిన ఆట చేసినవాళ్ళదే, ఎవరికీ వాటా లేదు. ఒకసారి దించుకున్న వెర్షన్‌ను తర్వాత ఎవరూ వెనక్కి లాక్కోలేరు.

ఇంతమాత్రాన గొడాట్‌లో అన్నీ పూలబాటే అనుకోకండి. చేసిన ఆటను బయటికి తీయాలంటే ఎక్స్‌పోర్ట్ టెంప్లేట్లు అని విడిగా దించుకోవాలి, అవి దాదాపు ఒక జీబీ. ఫోన్‌లో ఎక్కించే ఏపీకే చెయ్యాలంటే జావా, ఆండ్రాయిడ్ ఎస్‌డీకే కూడా కావాలి. మండల కేంద్రానికి వెళ్ళిన రోజున ఇవన్నీ ఒకేసారి దించి పెన్‌డ్రైవ్‌లో దాచుకోవడం మంచిది. యూట్యూబ్ పాఠాలతోనూ జాగ్రత్త. పాతవి చాలా మట్టుకు 3వ వెర్షన్‌వి. వాటిలో కైనెమాటిక్ బాడీ అని ఉన్నది 4లో క్యారెక్టర్ బాడీ అయింది. ఇలాంటి పేర్లు ఎన్నో మారాయి. వీడియోలో చూసినట్టే రాసినా ఎర్రగీత వస్తుంటే పిల్లలు తమకు బుర్ర లేదనుకుంటారు. వీడియో పేరులో 4 అని ఉందో లేదో ముందు చూడమని చెప్పండి.

ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు మాత్రం మేము గొడాట్ చెప్పం, స్క్రాచ్ చెబుతాం. అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్ నుంచి 2007లో వచ్చింది. ఒక ముక్క కింద ఇంకో ముక్క తగిలించుకుంటూ పోవడమే, టైపు చేసే పని తక్కువ. నెట్ లేకుండా నడిచే యాప్ ఉంది. బొమ్మ నోటి పక్కన వచ్చే మాటల బుడగలో తెలుగు శుభ్రంగా వస్తుంది. అన్నిటికంటే మాకు నచ్చింది శబ్దాల పేజీలో ఉన్న రికార్డు గుర్తు. అది నొక్కి, మాలో ఒకరి అమ్మమ్మ చేత కోయలో నాలుగు మాటలు చెప్పించాం. కుందేలు బొమ్మను నొక్కితే ఆమె గొంతు వస్తుంది. ఆమె చదువుకోలేదు. ఆట ఆడడానికి ఆమెకు చదువు అడ్డం రాలేదు. మన భాషలు ఎక్కువగా నోటి మీద బతికేవి కదా, గొంతు ఎక్కించడం తేలికగా ఉన్న ఇంజిన్ మనకు సగం తేలికైనట్టే.

స్క్రాచ్‌లో చేసిన ఆట బొమ్మలతో, గొంతులతో సహా ఒకే ఫైలుగా ఉంటుంది. టర్బోవార్ప్ ప్యాకేజర్ అనే ఉచిత సాధనంతో దాన్ని హెచ్‌టీఎంఎల్ ఫైలుగా మార్చి ఫోన్‌కు పంపితే బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. బడిలో ఒక కంప్యూటరే ఉన్నా ఇంటికి వెళ్ళాక పిల్ల తన ఆటను అమ్మానాన్నలకు చూపించగలదు. ఇది చిన్న సంగతి కాదు. చూపించిన పిల్ల రెండో ఆట మొదలుపెడుతుంది.

ఇక మొదటి ఆట ఏది? పరుగెత్తేవి, కాల్చేవి వద్దు. మేము పులీ మేకా తీసుకున్నాం. బండ మీద బొగ్గుతో గీసి ఆడేది. మేము ఆడే పటంలో 23 కూడళ్ళు, 3 పులులు, 15 మేకలు. ఎగరడం, పడడం, గుద్దుకోవడం లేవు కాబట్టి ఇంజిన్‌లోని కష్టమైన భాగాలతో పనే ఉండదు. ముందు ల్యాప్‌టాప్ మూసేసి కాగితం మీద పటం గీశాం. ప్రతి కూడలికీ ఒక అంకె. 1 నుంచి ఎక్కడికి పోవచ్చు, 2 నుంచి ఎక్కడికి పోవచ్చు అని 23 వరుసలు. పులి ఏ మేక మీంచి దూకితే ఎక్కడ దిగుతుందో ఇంకో పట్టిక. మేకలన్నీ పటం మీదికి దిగేదాకా ఏ మేకా కదలకూడదు. పులులు మూడింటికీ కదలిక లేకపోతే మేకలు గెలిచినట్టు. ఇంతే ఆట. ఇంజిన్ మారినా ఈ కాగితం మారదు, స్క్రాచ్‌లో అయితే ఆ వరుసలు లిస్టులవుతాయి, గొడాట్‌లో అయితే అర్రేలవుతాయి. ఇద్దరు ఆడుకునే ఆట గొడాట్‌లో మాకు మూడు వారాల సాయంత్రాలు పట్టింది. మొదటి వారంలో ఎక్కువ రోజులు ఆ కాగితానికే పోయాయి.

కథ చెప్పే ఆట చేద్దామనుకునేవాళ్ళు నెవర్ అలోన్ గురించి తెలుసుకోవాలి. అలాస్కాలో ఇన్యూపియాట్ అనే ఆదివాసీల కథతో 2014లో వచ్చిన ఆట. కుక్ ఇన్‌లెట్ ట్రైబల్ కౌన్సిల్ అనే అక్కడి సంస్థ పూనుకుని చేయించింది. ఒక అమ్మాయి, ఒక తెల్ల నక్క మంచులో వెళ్తుంటారు. కథ చెప్పే గొంతు వాళ్ళ భాషలోనే వినిపిస్తుంది. అది యూనిటీతో చేశారు. మరి యూనిటీ వద్దంటారేం అని ఒక తమ్ముడు మమ్మల్ని నిలదీశాడు. న్యాయమైన ప్రశ్నే. వాళ్ళ వెనుక డబ్బు ఉంది, చెయ్యి తిరిగిన పనివాళ్ళు ఉన్నారు. పైగా వాళ్ళ భాషను ఇంగ్లీషు లాంటి అక్షరాల్లోనే రాస్తారు, ఒత్తుల బాధ లేదు. ఆ ఆట నుంచి మేము తీసుకున్నది ఇంజిన్ కాదు, పద్ధతి. పూర్వం ఆ కథ చెప్పిన రాబర్ట్ నాస్రుక్ క్లీవ్‌లాండ్ కూతురి దగ్గరకు వెళ్ళి అనుమతి అడిగి మరీ మొదలుపెట్టారు. మనకూ గట్టు దాటని కథలున్నాయి, వేల్పుల కథలున్నాయి, పండుం రోజున తప్ప చెప్పకూడనివి ఉన్నాయి. ఏది ఆటలోకి రావచ్చో, ఏది రాకూడదో పెద్దలు చెప్పాలి. ఇది చెప్పే వీడియో యూట్యూబ్‌లో ఏ ఇంజిన్‌కూ లేదు.

మా పులీ మేకాలో ఇంకా మిగిలింది ఒంటరిగా ఆడేవాళ్ళ కోసం పులిని కంప్యూటర్ చేత ఆడించడం. ఇప్పటికి మా పులి దూకడానికి వీలుంటే దూకుతుంది, లేకపోతే ఖాళీగా ఉన్న చోట్లలో ఏదో ఒకదానికి పోతుంది. చావిడి దగ్గర తాతలు ఫోన్ పట్టుకుని ఎనిమిది మేకలు దిగేలోపే దాన్ని మూలకు తోసి నవ్వుతున్నారు. వాళ్ళు మేకలను ఏ వరసలో దింపుతున్నారో పక్కన కూర్చుని రాసుకుంటున్నాం.