గులాబి పూల అచ్చు

హైదరాబాదు నగరమునకు ఈశాన్యదిక్కున ఏఎస్ రావు నగర్ అను కాలనీ కలదు. శాస్త్రవేత్త అయ్యగారి సాంబశివరావు పేర అది వెలసినది. ఆయన 1914వ సంవత్సరమున పశ్చిమ గోదావరి జిల్లాలోని మోగల్లులో జన్మించెను. కాశీ హిందూ విశ్వవిద్యాలయమున చదివి, పైచదువునకై అమెరికా వెళ్లి, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున విద్య ముగించుకొని స్వదేశమునకు మరలి వచ్చెను. హోమీ భాభా కడ పనిచేసిన పిమ్మట 1967లో ఈసీఐఎల్ సంస్థకు తొలి అధిపతి అయ్యెను. కంప్యూటర్లు, టెలివిజన్లు మొదలుకొని నేడు మన యెన్నికలలో వాడు ఓటింగు యంత్రముల వరకు ఎన్నియో పరికరములు ఆ సంస్థలో తయారైనవి. పలు జిల్లాలనుండి ఉద్యోగమునకై వచ్చిన కుటుంబములు ఆ చుట్టుపట్ల ఇండ్లు కట్టుకొని స్థిరపడినవి.

అట్టి యింటిలో ఒక విశ్రాంత ఉద్యోగి కాపురముండెను. కొలత పరికరములు సరిగా చూపుచున్నవో లేవో పరీక్షించుట ఆయన పని. ముప్పది యేండ్లు ఆ పని చేసినందున ఆయనకు 'సుమారు' అను మాట గిట్టెడిది కాదు. ఆయన భార్య వంట అందులకు పూర్తిగా విరుద్ధము. ఆమె చేతి కొలతలు ఆమెకే తెలియును. ఉప్పు చిటికెడు, పిండి గ్లాసెడు, పాకము చూపుమేర.

వారిది క్రైస్తవ కుటుంబము. డిసెంబరు నెల వచ్చెనన్న వాకిట కాగితపు నక్షత్రము వ్రేలాడును. రాత్రివేళ సంఘమువారు డోలక్కుతో ఇంటింటికి వచ్చి క్యారల్స్ పాడుదురు. ఇల్లాలు కజ్జికాయలు, అరిసెలు, గులాబి పూలు వండి వీథివారి కందరికిని పంచిపెట్టును. దసరాకు, దీపావళికి ఎదురింటివారు పంపిన పళ్లెము వట్టిదిగా తిరిగి పోరాదు కదా! ఆ యెదురింటి ఇల్లాలు ఏటేట ఈమె ప్రక్కన పీట వేసికొని కూర్చుండి గులాబి పూలు కాల్చుటలో సాయపడెడిది.

గులాబి పూలనగా పూరేకుల ఆకారమున కరకరలాడు పిండివంట. పొడవైన కాడ చివర పూవువంటి ఇనుప అచ్చు ఉండును. దానిని మొదట నూనెలో కాచి, పలుచని పిండిలో ముంచి, మరల నూనెలో ఉంచవలెను. అచ్చు చాలినంత వేడెక్కకున్న పిండి దానిని పట్టుకొని విడువదు. మితిమీరి కాగినచో పిండి అంటుకొననే అంటుకొనదు. ముంచునప్పుడు పిండి అచ్చు పై యంచును దాటెనా, పూవు ఊడిరాదు. చూచుటకు సులభముగా తోచును గాని చేయి అలవడుటకు ఏండ్లు పట్టును.

ఆ దంపతుల కుమార్తె నర్సుగా శిక్షణ పొంది 2015లో కువైటునకు వెళ్లి అచ్చట ఒక ఆసుపత్రిలో చేరెను.

కువైటు మనకు అంత క్రొత్త దేశము కాదు. నూనె బయలుపడక పూర్వము ఆ రేవునుండి ముత్యములు, ఖర్జూరములు పడవలలో బొంబాయికి వచ్చెడివి. బియ్యము, కలప ఇచ్చటినుండి పోయెడివి. 1961లో దీనారు పుట్టువరకు అచ్చటి అంగళ్లలో రూపాయలే చెల్లెడివి. 1938లో బుర్గాను అనుచోట నూనె కనబడెను. 1946నుండి అది ఓడలకెక్కెను. అటుపై పనిచేయు చేతులకై ఆ దేశము పరదేశముల వైపు చూడసాగెను. నేడు అచ్చటి భారతీయులు సుమారు పది లక్షలు. వారిలో కడప సీమనుండియు, గోదావరి జిల్లాలనుండియు ఇంటిపనులకై వెళ్లిన స్త్రీలు అనేకులు కలరు. అమెరికా మిషనరీలు 1914లో నగరమున ఒక ఆసుపత్రిని, 1931లో ఒక దేవాలయమును కట్టించిరి. ఆ దేవాలయపు ఆవరణముననే నేడు పలు భాషలవారు వేళలు పంచుకొని ఆరాధనలు జరుపుకొందురు. తెలుగువారికిని అందొక వేళ కలదు. ఆదివారము అచ్చట పనిదినమగుటచే శుక్రవారమే వారికి ఆరాధన దినము. డిసెంబరు 25వ తేదీయు సెలవు దినము కాదు.

2018 జూనులో తల్లి కాలము చేసెను. కుమార్తె కబురందుకొని పరుగున వచ్చి, పది దినములుండి, సమాధి కార్యము ముగించుకొని తిరిగి పోయెను. సంవత్సరపు సెలవు దానితో తీరిపోయెను. ఉద్యోగము వదలి తండ్రి కడ ఉండిపోవలెనని మనసున ఉన్నను, తల్లి వైద్యమునకు చేసిన అప్పు తీరవలెను గదా! బయలుదేరు నాడు పెట్టె సర్దుకొనుచు వంటింటి గోడకు వ్రేలాడుచున్న ఆ ఇనుప అచ్చును తీసి బట్టల నడుమ పెట్టుకొనెను. ఎందులకు తీసికొనెనో ఆమెకే తెలియదు.

డిసెంబరు రానే వచ్చెను. ఏడాది తిరుగక పండుగ చేయరాదన్న నియమము సంఘము విధించినది కాదు; అయినను ఇరుగుపొరుగు ఆచారము మనుష్యులను అంటకపోదు. తండ్రి సంఘమువారితో, "ఈ యేడు మా యింటికి పాటలకు రావలదు" అని చెప్పివేసెను. నక్షత్రము అటకమీదనే ఉండెను. ఫోనులో ఈ మాట విని కుమార్తె, "నేనును ఏమియు చేయను, నాన్నగారూ" అనెను. అంతకుమించి ఇద్దరును మాటాడలేదు.

ఆమె నివసించు వాటాలో నలుగురు నర్సులుండిరి. ఒకతె కేరళ యువతి. వయసున పెద్దదగుటచే అందరును 'చేచీ' అని పిలుతురు. ఒకతె ఫిలిప్పీను దేశస్థురాలు. ఆ దేశమున పండుగకు ముందు తొమ్మిది దినములు తెల్లవారకమునుపే ఆరాధనకు పోవుదురు. వెదురుతోను కాగితముతోను చేసిన 'పరోల్' అను నక్షత్రమును కిటికీలకు కట్టుదురు. వెదురు దొరకక ఆ యువతి మందుల అట్టపెట్టెలు కత్తిరించి రంగుకాగితమంటించి ఒకటి చేసెను. నాలుగవ యామె ఈజిప్టునకు చెందిన కాప్టిక్ క్రైస్తవురాలు. ఆ సంఘము ప్రాచీనమైన పంచాంగమునే అనుసరించుటచే వారి క్రిస్మసు జనవరి 7న వచ్చును. ఒక్క కప్పుక్రింద ఒక్క పండుగ రెండుమారులు వచ్చుట ఆ యింటి విశేషము.

శుక్రవారములందు వారి యింటికి గోదావరి జిల్లా స్త్రీ యొకతె వచ్చెడిది. ఆమె ఒక సంపన్నుల యింట పనిచేయుచుండెను. ఇంటిపనివారికి వారమున కొకదినము విశ్రాంతి ఈయవలెనని 2015లో ఆ దేశమున చట్టమైనను, ఆమెకు దొరకునది పూటమాత్రమే. పిల్లలను తల్లికి అప్పగించి వచ్చి మూడు క్రిస్మసులు గడచెను. ఆమె ఎక్కువ మాటాడు మనిషి కాదు. ఈ యేడు వంటలేవియు లేవని విని, కొంతసేపు ఊరకుండి, ఇట్లనెను:

"నీ దుఃఖము నేనెరుగనిది కాదు, తల్లీ. కాని నీ పొయ్యి వెలుగకున్న నేనెక్కడ వండుకొందును? ఆ యింటి వంటగది నాది కాదు గదా!"

తల్లి పోయిన దుఃఖములో ఆ యువతికి ఈ సంగతి తోచియుండలేదు. పండుగ మానుట తన యిష్టమనుకొనెను. ఆ పొయ్యిమీద మరియొకరి ఆశ కూడ ఉన్నదని అప్పుడు తెలిసెను.

ఆ రాత్రియే అచ్చు బయటికి వచ్చెను. కాఫీ త్రాగు కప్పుతో బియ్యపుపిండి, మైదా కొలిచి, పంచదార, కొబ్బరిపాలు, రెండు గ్రుడ్లు కలిపి మొదలుపెట్టిరి. మొదటి పూవు అచ్చును వదలలేదు. రెండవదియు వదలలేదు. చెంచాతో పొడిచిన తునియలై నూనెలో తేలెను. వదలినవి రాళ్లవలె గట్టిగానుండెను. చేచి ఒకటి కొరికి, తన పంటికి మరునాడు పనియున్నదని నవ్వెను. ఫిలిప్పీను యువతి మాత్రము మంచిదని తినెను, అది స్నేహధర్మము.

మరునాడు ఆమె తండ్రికి ఫోను చేసెను.

"నాన్నగారూ, అమ్మ గులాబి పూలకు పిండి యెంత పోసెడిది?"

అవతల కొంతసేపు మాటలేదు. "నాకు తెలియదమ్మా," అనెను ఆయన. "నేను తినుటయే గాని..." అని ఆగిపోయెను.

ఫోను పెట్టివేసిన పిమ్మట ఆయనకు కాలు నిలువలేదు. చెప్పులు తొడుగుకొని ఎదురింటికి పోయెను. భార్య మరణించిన తరువాత ఆయన ఆ గడప తొక్కుట అదియే మొదలు. ఆ యింటి ఇల్లాలు ఆలోచించి, "రెండు గ్లాసుల బియ్యపుపిండి, గ్లాసు మైదా, ముప్పావు గ్లాసు పంచదార, రెండు గ్రుడ్లు, అన్నయ్యగారూ. అచ్చును ముందునాటి రాత్రి నూనెలో నానవేసి ఉంచెడివారు వదినగారు. సబ్బుపెట్టి తోమనిచ్చెడివారు కారు" అని చెప్పెను.

ఆయన కది చాలలేదు. పిండి, మైదా, పంచదార ఏ గిన్నెతో కొలిచినను వాని పాలు మారదు. గ్రుడ్లట్లు కాదు, గ్లాసు పెద్దదైన పిండి పెరుగును, గ్రుడ్లు రెండే ఉండును. కావున గ్లాసెంతయో తెలిసిననే గాని లెక్క కుదురదు. ఇంటికి వచ్చి, వంటింటిలో ఆరునెలలుగా ముట్టని అలమార తెరచి, అంచు కొంచెము సొట్టవడిన ఆమె స్టీలు గ్లాసును తీసెను. దగ్గుమందు సీసా మూతపైన కొలత గీతలుండును. దానితో నీరు కొలిచి పోసెను. కొలత సరికాదేమోయని మూడుమారులు కొలిచెను. మూడుమారులును నూటయెనుబది మిల్లీలీటర్లు వచ్చెను. ముప్పదియేండ్లు పరికరములను సరిచూచినవాడు ఇంటిలోని గ్లాసును ఎన్నడును కొలువలేదు.

సందేశము కువైటు చేరెను. అందు మూడు వరుసలే ఉండెను: గ్లాసు 180 మి.లీ.; అచ్చు రాత్రి నూనెలో; సబ్బు తగులరాదు. కాఫీ కప్పును కొలిచి చూడగా మూడువందలుండెను! గ్రుడ్లు చాలకపోవుటకు కారణము తేలెను.

డిసెంబరు 21 శుక్రవారము ఉదయము తెలుగు ఆరాధన ముగించుకొని ఆమెయు, గోదావరి స్త్రీయు వాటాకు వచ్చిరి. రాత్రియంతయు నూనెలోనున్న అచ్చు నల్లగా మెరయుచుండెను. మొదట కొన్ని అంటుకొని చెడెను. గోదావరి స్త్రీ అచ్చును చేతికి తీసికొని, నూనెలో ఇంకను కొంతసేపు నిలిపి, పిండిలో ముప్పాతిక మేరకే ముంచి, నూనెలో పెట్టి మెల్లగా కుదిపెను. పూవు జారి విచ్చుకొని తేలెను. అప్పుడు గదిలో ఎవరును మాటాడలేదు. పిమ్మట అచ్చు చేతులు మారెను. సాయంకాలమునకు రెండు డబ్బాలు నిండెను. అందొకటి గోదావరి స్త్రీ తన గుడ్డసంచిలో పెట్టుకొని, పిల్లలకు చూపుటకై ఫొటో తీయించుకొని, చీకటి పడకమునుపే వెళ్లిపోయెను. పండుగనాడు ఆమెకు సెలవు లేదు.

24వ తేదీ రాత్రి డ్యూటీ ఆ యువతిదే. కాని ఈజిప్టు యువతి తానై ముందుకు వచ్చి, "ఈ రాత్రి నాకు మామూలు రాత్రియే. నేను పోయెదను. జనవరి 6 రాత్రి నాకై నీవు పొమ్ము" అనెను. అట్లే ఒప్పందమయ్యెను, జనవరిలో ఆమె ఆ బాకీ తీర్చెను కూడ. డిసెంబరున కువైటు రాత్రులు మిక్కిలి చల్లగా నుండును. కిటికీలు మూసి, అట్ట నక్షత్రము క్రింద తక్కిన ముగ్గురు కూర్చుండిరి. చేచి అప్పములు, కూర వండెను, కేకు కోసెను. కేరళీయులకు కేకు విషయమున కొంత అతిశయము కలదు. 1883లో తలశ్శేరిలోనే మన దేశపు తొలి క్రిస్మసు కేకు తయారైనదని వారు చెప్పుకొందురు. ముగ్గురును మూడు భాషలలో ఒకే రాగమున ఒకే పాట పాడిరి. ఒకరి మాట ఒకరికి తెలియకున్నను రాగము తప్పలేదు.

కువైటు గడియారము మనకంటె రెండున్నర గంటలు వెనుక. అచ్చట తొమ్మిదిన్నర కాగా ఇచ్చట అర్ధరాత్రి. సరిగా ఆ వేళకు ఫోను మ్రోగెను. మొదట మాట వినరాలేదు. దూరమున గంట మ్రోగుచుండెను. ఆ గంట ఆమె చిన్ననాటినుండి ఎరిగినదే.

"వినబడుచున్నదా, అమ్మా?" అనెను తండ్రి.

"వినబడుచున్నది. మీరెచ్చట నున్నారు?"

"వాకిట. ఇందాక పాటలవారు మన వీథిని వచ్చిరి. నేను వలదంటిని గదా, మన యింటి ముందు డోలక్కు ఆపి, మెల్లగా దాటిపోవుచుండిరి. పిల్లలు కాళ్లచప్పుడైన కానీయక నడచుచుండిరి. చూడలేక తలుపు తీసితిని."

"పాడిరా?"

"పాడిరి. పెట్టుటకు ఇంటిలో ఏమియు లేకపోయెను. ఎదురింటి మీ పిన్నిగారు చక్కిలములు తెచ్చి పంచిరి." కొంచెమాగి మరల అనెను: "నక్షత్రము దింపితిని. బల్బు మాడిపోయినది. రేపు క్రొత్తది తెచ్చెదను."

ఆమె కన్నులు తుడుచుకొనెను. చేచి చూడనట్లు అటు తిరిగి పళ్లెములు సర్దుచుండెను.

"ఇంతకును పూలెట్లు వచ్చినవి? ఎన్ని చెడినవి?" అని తండ్రి అడిగెను. అడుగుటలో మునుపటి ఉద్యోగపు కంఠము వినవచ్చెను.

"మొదటి యేడును చెడినవి, నాన్నగారూ."

"ఏడా?" అని ఆయన లెక్కించుకొనుచున్నట్లు ఊరకుండెను. "మీ అమ్మకు ఎప్పుడును మొదటి మూడు చెడెడివి. అవి నాకే పెట్టెడిది."