నా పాఠశాలను విడుచుచు



2025వ సంవత్సరము ఏప్రిలు చివర నేను నా పాఠశాలను విడిచి యింటికి వచ్చితిని. ఇంటరు రెండవ సంవత్సరము ముగిసినది. 2018 జూనులో ఏ రేకుపెట్టెతో ఆ గడపలో నడుగు పెట్టితినో, ఆ పెట్టెతోడనే వెలుపలికి వచ్చితిని. మూత సొట్టలు పడినది. తాళపుచెవి రెండుమార్లు పోయినది. లోపల బట్టలకంటె పుస్తకములే యెక్కువ. "ఏడేండ్ల చదువును గూర్చి నాలుగు మాటలు వ్రాయుమమ్మా" యని మా తెలుగు పంతులమ్మగారు కోరిరి. వ్రాయ మొదలిడితిని గాని, సంతోషముగా చెప్పదలచిన ప్రతి మాటకును ఒక్క అంకె యడ్డము వచ్చుచున్నది. దానిని చెప్పక తక్కినది చెప్పుట నాకు చేతగాకున్నది.

మాది కర్నూలు జిల్లాలో పడమటి చెఱగు. కోసిగి, పెద్దకడుబూరు, మంత్రాలయము మండలముల యూళ్ళను గూర్చి విన్నవారికి మా బ్రతుకు క్రొత్త గాదు. వాన తప్పుట మాకు వాడుక. దీపావళి దాటినది మొదలు పత్తి తీయుటకును, సంక్రాంతి వెనుక మిరప కోయుటకును గుంటూరు సీమకు సంసారములకు సంసారములే కదలిపోవును. ఇంటికి తాళము, అరుగుమీద ముసలివాండ్రు. ఆ నెలలలో మా యూరు అట్లుండును. ఐదవ తరగతివఱకు నేనును ఏటేట పోయినదాననే. అమ్మయు నాయనయు సాళ్ళలో నుండగా పొలము గట్టున గుడారములో తమ్ముని నెత్తుకొని కూర్చుండుట నా పని. రాత్రివేళ అమ్మ మండుచున్న చేతులకు నూనె రాచుకొని, ఆ చేతులతో మమ్ము ముట్టుటకు భయపడి, మోచేతులతో దగ్గఱకు తీసికొనెడిది. బడిలోనో, జనవరి మొదలు వేసవివఱకు నా పేరునకెదురుగా వట్టి గైరుహాజరు.

కస్తూర్బాగాంధి బాలికా విద్యాలయములను భారత ప్రభుత్వము 2004లో ఇట్టి పిల్లల కొఱకే నెలకొల్పినది. స్థానములలో నూటికి 75 షెడ్యూల్డు కులములు, తెగలు, వెనుకబడిన తరగతులు, అల్పసంఖ్యాకుల పిల్లలకును, తక్కినవి పేద కుటుంబముల పిల్లలకును కేటాయింపబడినవి. మొదట 8వ తరగతితోనే చదువు ముగిసెడిది. 2018-19 నుండి 12వ తరగతివఱకు పెంచుకొనుటకు వీలు కలిగినది. ఆ వీలే లేకున్న నేనిపుడు ఎవరి పొలములో నుందునో!

వేకువను ఐదింటికి గంట కొట్టెడివారు. కొళాయిలు ఆఱు, పిల్లలము రెండువందలకు పైమాట. వరుసలో బకెట్టు నిలిపి, దాని ప్రక్కనే గోడ కానుకొని మఱల కునికెడివారము. ఉప్మా నాడు మూతులు ముడుచుట, గ్రుడ్డు నాడు ఎవరిది పెద్దదని కొలతలు చూచుట, చదువుగంటలో పుస్తకము చాటున గుసగుసలు, ఇవి యన్నియు మీ యిండ్ల పిల్లలును చెప్పియే యుందురు. ఆదివారమున తల్లులు ఉగ్గాని డబ్బాలతో వచ్చెడివారు. మా యమ్మ గుంటూరులో నుండు నెలలలో నాకు ఇతరుల తల్లులే తినిపించిరి. ఆ ఋణము నేను తీర్చలేదు.

హాజరుపట్టీలో నా అంకె 13. ఆ పిల్లది 14. పేరు వ్రాయను. మా పఱుపులును ప్రక్కప్రక్కనే. ఆమెకు లెక్కలు నోటనే వచ్చెడివి. పంతులమ్మగారు నల్లబల్లపై సగము వ్రాయునప్పటికే ఫలితము చెప్పివైచెడిది. నాకు బీజగణితము నేర్పినది ఆమెయే. "ఎక్స్ అనగా నేమే?" యని నేనడుగగా, "మేస్త్రి మనవాండ్రకు చెప్పక దాచిన కూలి" యని నవ్వెను. ఆ దినము మొదలు నాకు సమీకరణము లన్నియు బోధపడినవి. పరీక్షలలో ఆమె మొదటిది, నేను రెండవదానను. ఎంత చదివినను రెండవదాననే. ఈ సంగతిని మీరు జ్ఞాపకముంచుకొనుడు.

2020 మార్చిలో కరోనా వలన బడులు మూసి మమ్ము ఇండ్లకు పంపిరి. తెఱచునప్పటికి కొందఱు తిరిగి రాలేదు. మే మిరువురమును వచ్చితిమి.

2022 జనవరి. మేము తొమ్మిదవ తరగతి. సంక్రాంతి సెలవులకు ముందురాత్రి దుప్పటిలోనుండి ఆమె నా చెవిలో, "నాకు పెండ్లి కుదిర్చినారే. అత్త కొడుకు. పండుగ మఱునాడే. నేనిక రాను. ఎవరికిని చెప్పనని ఒట్టు పెట్టు" మనెను. నేను ఒట్టు పెట్టితిని. పెద్దలను పూర్తిగా తప్పు పట్టజాలను. ఎదిగిన పిల్లను ముసలియవ్వ చెంత విడువలేరు, గుడారములలో నుంచలేరు. బడి యున్నది గదా యన్న, మిరప కోతలు తీరకమునుపే వేసవి సెలవులు వచ్చును. మేస్త్రి వద్ద ముందుగా తెచ్చిన యప్పొకటి. కోడలు వచ్చిన అత్తవారికి కోతలో రెండు చేతులు కలిసివచ్చును. ఇట్టి లెక్కలలో పదునాలుగేండ్ల పిల్ల మనసు ఏ వరుసలోను చేరదు.

మా కొళాయిల మీది గోడపై ఎఱ్ఱరంగుతో 1098 అని పెద్దగా వ్రాసియుండెను. ఆపదలోనున్న పిల్లల కొఱకు, బాల్యవివాహము నాపుటకు, రాత్రింబగళ్ళు పలుకు ఫోను అది, కాసైనను ఖర్చులేదు. ఆ మఱునాటి యుదయమును నేను ఆ గోడ క్రిందనే పండ్లు తోముకొంటిని. ఇంటికి పోయిన పిదప నాయన ఫోను గూటిలో మూడు దినములు నా యెదుటనే యుండెను. నాలుగంకెలు నొక్కుటకు ఎంతసేపు?

సెలవులు తీరినంతనే పెద్ద పంతులమ్మగారు ఆ యూరికి పోయి వట్టి చేతులతో మరలి వచ్చి, "మీలో నెవరికైన ముందుగా తెలియునా?" యని తరగతిలో నడిగిరి. నేను తల వంచుకొంటిని. వారు నా మోము చూచిరో లేదో నేటికిని తెలియదు. హాజరు పిలుచునప్పుడు 13 తరువాత కొన్నినాళ్ళు ఒక చిన్న నిలుపుదల యుండెడిది. పిమ్మట అదియు పోయి నేరుగా 15 అనుట వాడుకయైనది. ఆ సంవత్సరాంతపు పరీక్షలలో నేను తరగతికి మొదటిదాననైతిని. పదవ తరగతిలోను నేనే. బహుమానముగా గోడగడియారమిచ్చిరి, అది మా యింట గోడకు వ్రేలాడుచున్నది.

ఒట్టునకు కట్టుపడితినని నేను నాకే చాలకాలము చెప్పుకొంటిని. భయపడితినన్నదియు నిజమే, ఆ పిల్లకైనది రేపు నాకగునేమోయని. కాని ఆ మొదటి స్థానము ఖాళీయగునన్న యూహ ఆ మూడు దినములలో నొక్క క్షణమైనను నా మదిలో మెదలలేదని ప్రమాణము చేయజాలను. ఇంత వ్రాసిన పిదప దానిని దాచుట యేల?

శాసనములు లేక కాదు. 1929 నాటి శారదా చట్టము బాలికలకు 14 ఏండ్ల హద్దు పెట్టెను. 1949లో అది 15 ఆయెను, 1978లో 18 ఆయెను. 2006 నాటి చట్టము పెండ్లి చేయించినవారిని శిక్షించును. బాలికగా నున్నపుడు పెండ్లియైనది యుక్తవయస్సు వచ్చిన రెండేండ్లలోపల ఆ పెండ్లిని రద్దు చేయుమని కోరవచ్చును. సాంఘికశాస్త్ర పరీక్షలో ఈ ప్రశ్నకు నాకు పూర్తి మార్కులు వచ్చినవి.

బడి విడుచునాడు చేతికిచ్చిన పత్రములో "ప్రవర్తన" యనుచోట "మంచిది" యని యున్నది. దానిని మడిచి పెట్టెలో పెట్టి, ఇల్లు చేరిన మూడవనాడు ఆమె యూరికి పోయితిని. గుంటూరునుండి అప్పుడే తిరిగివచ్చిరి. ఒడిలో మగపిల్లవాడు, వ్రేళ్ళ చివరలు ఇంకను ఎఱ్ఱగా పొక్కియున్నవి. కొంతసేపు బిడ్డ మాటలే యాడుకొంటిమి. పిమ్మట నేను గోడమీది యంకె సంగతి చెప్పితిని. తిట్టునేమో యనుకొంటిని, ఏడ్చినను బాగుండెడిది. ఆమె బిడ్డ నోటనున్న మట్టి తుడుచుచు మెల్లగా, "నిన్ను ఒట్టు పెట్టుమంటిని గాని, ఆ మూడు దినములును నేను వాకిలివైపే చూచుచుంటినే" యనెను.

నేనేమియు పలుకలేకపోతిని. ఆమెయే టీ పెట్టుటకు లేచెను.

సార్వత్రిక విద్యాపీఠము ద్వారా ఇంటనే చదివి పదవ తరగతి పరీక్షకు కూర్చుండవచ్చునని, పదునాలుగేండ్లు నిండినవారెవరైనను చేరవచ్చునని, పోయిన యేడు మా బడిలో విని దరఖాస్తు సంగతు లన్నియు కనుగొని యుంటిని. నా లెక్కల నోటుపుస్తకములు నాలుగు తీసికొనిపోయితిని. ఆమె ఒకటి విప్పి, నాలుగవ పుటలోనే నేను చేసిన తప్పొకటి పట్టుకొని, "మొదటిదానివైనను దీనిని దిద్దుకొనలేదే?" యనెను. ఆమె భర్త గుమ్మములో నిలిచి వినుచుండెను. చెడ్డవాడు కాడు, ఇరువది యేండ్లవాడు. "పంట చేతికి వచ్చిన తరువాత చూతములే అక్కా, ఫీజు కట్టవలెను గదా" యనెను. ఫీజు నేను కట్టెదనంటిని. అతడు అవుననలేదు, కాదనలేదు.

బయలుదేరునప్పుడు ఆమె నోటుపుస్తకములను మాత్రము దూలము సందున, బిడ్డకు అందనంత యెత్తున పెట్టెను. ఈసారి దరఖాస్తులు పిలిచినంతనే వచ్చెదనని చెప్పి, నా ఫోను అంకెను పైనున్న పుస్తకపు టట్టమీద పెద్ద యక్షరములతో వ్రాసి వచ్చితిని.