షిబయామా సరస్సు ఒడ్డున పొగమంచు తోట

జపాన్ యాత్రకు వెళ్ళే మనవారు సాధారణంగా టోక్యో, క్యోటో, హిరోషిమా నగరాలను, దూరం నుండి ఫుజి పర్వతాన్ని చూచి తిరిగి వస్తూ ఉంటారు. ఆ దేశపు పశ్చిమ తీరాన, ఇషికావా ప్రాంతంలో ఉన్న కాగా పట్టణం వైపు వెళ్ళేవారు అరుదు. శిక్షణ నిమిత్తం ఒసాకాలో ఉన్న మేము నలుగురు ఇంజనీర్లం 2024 నవంబరులో ఒక శనివారం ఆ వైపు ప్రయాణమయ్యాము. అక్కడ మేము చూచిన ఒక చిన్న మ్యూజియం, దానిని ఆనుకొని ఉన్న ఒక రాళ్ళ తోట మన వృత్తికి ఎంత సన్నిహితమైనవో మన సంస్థ కుటుంబ సభ్యులతో పంచుకోవాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

ఒసాకా నుండి థండర్‌బర్డ్ ఎక్స్‌ప్రెస్‌లో త్సురుగా చేరి, అక్కడ షింకాన్‌సెన్ అతివేగ రైలు ఎక్కాము. ఈ మార్గం త్సురుగా వరకు పొడిగింపబడినది 2024 మార్చి 16న. కాగా ఒన్సెన్ స్టేషనులో దిగి కొద్ది దూరం వెళ్ళగానే కటయమజు అనే ఊరు వస్తుంది. ‘ఒన్సెన్’ అంటే వేడినీటి బుగ్గ. ఊరి ప్రక్కనే షిబయామా సరస్సు, దానికి ఆవల 2,702 మీటర్ల హకుసాన్ పర్వతం. సరస్సు ఒడ్డున మూడు షట్కోణాకారపు గోపురాలతో కనిపించేదే నకయా ఉకిచిరో మంచు మ్యూజియం. ప్రఖ్యాత వాస్తుశిల్పి అరాటా ఇసొజాకి రూపొందించిన ఈ భవనం 1994లో ప్రారంభమైంది. మంచు స్ఫటికానికి ఆరు భుజాలు ఉంటాయి గనుక ఆ ఆకృతి ఎంతో ఉచితంగా ఉన్నది.

ఉకిచిరో నకయా 1900లో ఈ ఊరిలోనే జన్మించిన భౌతిక శాస్త్రవేత్త. ఉత్తరాన హొక్కైడో విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ 1936లో ప్రపంచంలోనే మొదటిసారిగా ప్రయోగశాలలో కృత్రిమ మంచు స్ఫటికాన్ని పెంచారు. గడ్డకట్టించే చలిగదిలో నీటి ఆవిరిని పైకి పంపి, అది ఏదైనా ఒక సన్నని ఆధారాన్ని పట్టుకొని స్ఫటికంగా పెరగాలని ఆయన ప్రయత్నం. చివరకు ఆ గౌరవం కుందేలు వెంట్రుకకు దక్కింది. ఏ ఉష్ణోగ్రత వద్ద, ఎంత తేమలో ఏ ఆకృతి ఏర్పడుతుందో ఆయన ఒక పటంగా గీశారు. అందువల్ల నేలపై రాలిన స్ఫటికాన్ని చూచి ఆకాశంలోని స్థితిని చెప్పడానికి వీలయింది.

లోపలి ప్రదర్శనలు చూచి ప్రాంగణంలోకి వచ్చాము. ఉకిచిరో తన జీవితపు చివరి సంవత్సరాలలో గ్రీన్‌లాండ్ మంచుపై పరిశోధనలు చేశారు. దానికి గుర్తుగా అక్కడి హిమనదం మోసుకువచ్చిన రాళ్ళను తెచ్చి ఇక్కడ పరచారు. కొంతసేపటికి ఆ రాళ్ళ సందుల నుండి తెల్లని పొగమంచు లేచింది. మొదట పాదాలను, తరువాత నడుమును కప్పివేసి, సరస్సు గాలికి ఒకసారి విడిపోయి, మరల ముద్దకట్టింది. ప్రక్కన నిలిచిన మిత్రుడు కనిపించక మాట మాత్రమే వినిపించింది. కళ్ళు మండలేదు, దగ్గు రాలేదు. అది కేవలం నీరు.

ఈ తోటలోని పొగమంచును సృష్టించినవారు ఉకిచిరో కుమార్తె ఫుజికో నకయా. తండ్రి అధ్యయనం చేసినది మంచు. కుమార్తె మలచినది పొగమంచు. మన తెలుగులో ఈ రెండూ ఒకే మాటలో ఇమిడి ఉండడం మాకు అక్కడ నిలుచున్నప్పుడే స్ఫురించింది.

1933లో జన్మించిన ఫుజికో అమెరికాలో విద్యాభ్యాసం చేసి చిత్రకారిణిగా జీవితం ప్రారంభించారు. 1966లో బిల్లీ క్లూవర్ అనే ఇంజనీరు మరికొందరితో కలిసి, కళాకారులను ఇంజనీర్లను ఒకచోట చేర్చే ఇ.ఎ.టి. అనే సంస్థను స్థాపించారు. 1970లో ఒసాకాలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో పెప్సీ మండపం రూపకల్పన ఈ సంస్థకు అప్పగింపబడింది. ఆ మండపపు తెల్లని గోపురాన్ని పొగమంచుతో కప్పే బాధ్యత ఫుజికో స్వీకరించారు. ఆరు కోట్లకు పైగా ప్రజలు సందర్శించిన ప్రదర్శన అది.

అప్పటికి కృత్రిమంగా మంచు కమ్మించడమంటే రసాయనాల పొగ, లేదా డ్రై ఐస్. కాలిఫోర్నియాలో మేఘభౌతిక శాస్త్రవేత్త థామస్ మీ కూడా అమోనియా, క్లోరిన్‌లతో పొగమంచు తయారు చేసి ఉన్నారు. ఫుజికో దానిని అంగీకరించలేదు. మనుషులు అందులో నడవాలి, పీల్చాలి, తడవాలి. కనుక శుద్ధమైన నీరు తప్ప మరొకటి పనికిరాదని ఆమె పట్టుదల. ఆ పట్టుదలకు సమాధానంగా పుట్టినది ఒక నాజిల్. వాతావరణ పీడనానికి సుమారు 70 రెట్ల పీడనంతో వచ్చే నీరు మిల్లీమీటరులో ఆరవ వంతు రంధ్రం గుండా వెలువడి, ఎదురుగా ఉన్న సూది మొనను ఢీకొని 20, 30 మైక్రాన్ల తుంపరలుగా చెదిరిపోతుంది. మన తల వెంట్రుక మందంలో అది సగమైనా ఉండదు. ఇటువంటి నాజిళ్ళు రెండున్నర వేల వరకు ఆ గోపురంపై అమర్చారు.

మన కూలింగ్ టవర్లపై కనిపించే తెల్లని మేఘం వేడి ఆవిరి చల్లబడి ఏర్పడేది. ఫుజికో పొగమంచుకు వేడి అవసరం లేదు. నీటినే ముక్కలు చేయడం అది. ఒక మిల్లీమీటరు బిందువును 20 మైక్రాన్ల తుంపరలుగా చేస్తే ఒకటి 1,25,000 అవుతుంది. గాలికి తగిలే ఉపరితలం 50 రెట్లు పెరుగుతుంది. అందుకే అది తేలుతుంది, గాలి చెప్పినట్లు వింటుంది, తేమ తక్కువైతే క్షణంలో అదృశ్యమవుతుంది. ఈ కారణంగా ఆమె ప్రతి స్థలంలోనూ గాలి దిశను, తేమను, ఉష్ణోగ్రతను ముందుగా అధ్యయనం చేశారు. తన శిల్పాలకు సమీప వాతావరణ కేంద్రపు సంఖ్యనే పేరులో చేర్చారు. స్పెయిన్‌లోని బిల్బావోలో 1998లోను, శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎక్స్‌ప్లొరేటోరియం ముందు వంతెనపై 2013లోను వెలసినవి అటువంటివే. 2018లో జపాన్ వారి ప్రీమియం ఇంపీరియాలే పురస్కారం ఆమెను వరించింది.

ఆమె వీడియో కళలోనూ జపాన్‌లో ఆద్యులలో ఒకరు. ఒక రసాయన కర్మాగారం సముద్రంలోకి విడిచిన పాదరసం వల్ల మినమాటా ప్రజలు వ్యాధిగ్రస్తులయ్యారు. వారి పక్షాన ఆ కంపెనీ కార్యాలయం ముందు బైఠాయించిన వారిని ఆమె వీడియోలో చిత్రించి, వెంటనే వారికే చూపించారు. అది 1972 నాటి మాట. నీరు శుద్ధంగా ఉండాలన్న ఆమె పట్టుదలను ఈ సంగతితో కలిపి చూచినప్పుడు అది కేవలం కళాకారిణి చాపల్యం కాదని బోధపడుతుంది.

ఇక మన వృత్తికి వద్దాము. వేసవిలో గాలి పలుచబడి గ్యాస్ టర్బైన్ ఉత్పత్తి తగ్గుతుందని మనకు తెలుసు. డిగ్రీ పెరిగినప్పుడల్లా అరశాతానికి పైగా నష్టం. గాలి లోపలికి వెళ్ళే మార్గంలో డి.ఎం. నీటిని సూక్ష్మమైన తుంపరలుగా చల్లితే అవి ఆవిరైపోతూ గాలిని చల్లబరుస్తాయి, కోల్పోయిన మెగావాట్లు కొంతవరకు తిరిగి వస్తాయి. థామస్ మీ స్థాపించిన కంపెనీ ఆ నాజిళ్ళను తరువాతి దశాబ్దాలలో పండ్లతోటల రక్షణకు, ఆ పైన టర్బైన్లకు అందించింది. కళకు మనమే పనిముట్లు సమకూరుస్తామని ఇంజనీర్లమైన మనం భావిస్తూ ఉంటాము. ఇక్కడ ఋణం మనవైపే ఉన్నది.

మా నలుగురిలో ఒక మిత్రుని కుమార్తె ఇంటర్మీడియట్ చదువుతున్నది. బొమ్మలు చక్కగా వేస్తుంది. ప్రవేశ పరీక్షలు ముగిసే వరకు రంగులపెట్టె బీరువాలో దాచమని ఇంట్లో నిర్ణయం. తిరుగు ప్రయాణంలో ఆయన చాలాసేపు కిటికీ వైపు చూస్తూ కూర్చొని, “ఇంతకూ ఈమెను ఇంజనీరనాలా, కళాకారిణి అనాలా?” అని అడిగారు. ఆమె నాజిల్ తయారు చేయలేదు. ఎటువంటి నాజిల్ కావాలో తెలిసి, అంతకంటే తక్కువకు ఒప్పుకోలేదు అన్నాము. ఆయన మరి మాట్లాడలేదు. త్సురుగాలో రైలు మారేటప్పుడు మాత్రం, మ్యూజియంలో కొన్న మంచు స్ఫటికాల బొమ్మల కార్డులు సంచిలో నలగకుండా ఉన్నాయో లేదో ఒకసారి తీసి చూచుకొన్నారు.