నాన్న కారుకు నాడి చూశాం

నాన్న 2004లో కొన్న మారుతీ 800ను అమ్మేద్దామని మొన్న మెకానిక్‌ను ఇంటికి పిలిచాను. ముందురోజు రాత్రి నుంచీ బండి తీయొద్దన్నాడు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తేనే దాని అసలు రంగు బయటపడుతుందట. తాళం తిప్పగానే మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజిన్ అందుకుంది. నీలం పొగ రాలేదు. వస్తే ఆయిల్ మండుతున్నట్టే. కాళ్లకింది మ్యాట్లు ఎత్తి తుప్పు పట్టిందేమో చూశాడు. టైర్లు ఒకవైపే అరిగాయేమోనని తడిమాడు. నాన్న మాత్రం ఆపరేషన్ థియేటర్ బయట బంధువులా గుమ్మంలోనే నిలబడ్డారు.

'గుండె గట్టిదే సార్' అన్నాడు మెకానిక్. 1983లో రోడ్డెక్కిన ఈ కారు తయారీ 2014లో ఆగిపోయినా విడిభాగాలు దొరుకుతున్నాయట. నాకే ధైర్యం చాల్లేదు. ఎయిర్‌బ్యాగుల్లేవు, ఏబీఎస్ లేదు. వెనక సీట్లో కూర్చునేది నా కూతురు. ఆ మాటే చెప్పాను.

నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత, 'హైవే ఎక్కించనురా. రైతు బజారుకీ గుడికీ చాలు. పాప నీ కార్లోనే వస్తుందిలే' అన్నారు.

బేరం కుదిరింది. కొనేవాళ్లు ఏళ్లు లెక్కగడతారు. నాన్న లెక్క వేరు. నన్ను పదో తరగతి పరీక్షలకు దించింది ఆ కార్లోనే మరి!