మేడారానికి ట్రాలీ కట్టే రాత్రి

సమ్మక్క–సారలమ్మ జాతర రెండేళ్లకోసారి మాఘ శుద్ధ పౌర్ణమి రోజుల్లో మేడారంలో జరుగుతుంది. బుధవారం కన్నెపల్లి నుంచి సారలమ్మ, గురువారం చిలకలగుట్ట నుంచి సమ్మక్క గద్దెలకు చేరతారు. శుక్రవారం మొక్కులు, శనివారం అమ్మవార్లు తిరిగి అడవికి చేరే వనప్రవేశం. 1996లో రాష్ట్ర పండుగగా ప్రకటించిన ఈ జాతరకు ఆర్టీసీ వేల బస్సులు నడుపుతుంది. అయినా వరంగల్ చుట్టుపక్కల పల్లెల్లో ఎన్నో కుటుంబాలు ఇప్పటికీ బస్సెక్కవు. ట్రాక్టరుకు ట్రాలీ తగిలించి, దానికి గూడు కట్టి, ఇంటిల్లిపాదీ అందులోనే పడుకుని పోతాయి. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో కారు వెనక క్యాంపర్‌ను లాక్కెళ్లే కుటుంబానికి ఉండే లెక్కలే వీళ్లకూ ఉంటాయి: పడక, వంట, నీళ్లు, పిల్లలు, రాత్రిపూట నడపడం. కాకపోతే ఈ క్యాంపర్‌ను ఎవరూ కొనరు. నిన్నటిదాకా ఎరువు మోసిన ట్రాలీనే ఒక్క సాయంత్రంలో ఇల్లుగా మారుస్తారు.

ఈ పద్ధతికి మూలం ఎడ్లబండి. వరంగల్ నుంచి మేడారం సుమారు 100 కిలోమీటర్లు. ఎడ్లు గంటకు మూడు నాలుగు కిలోమీటర్లకు మించి నడవవు. మేతకు, నెమరుకు, నిద్రకు వాటిని విడవక తప్పదు కాబట్టి ఒకవైపు ప్రయాణమే మూడు నాలుగు రోజులు పట్టేది. ఎండపొద్దు చెరువు పక్కన విడిది చేసి, చల్లబడ్డాక బండ్లు కట్టేవారు. ఇరుసుకు కందెన, ఎడ్లకు కొత్త నాడాలు, బండి కింద వేలాడే కందిలి, గూడు మీద ఈతచాప. పది బండ్లు వరసగా కదిలితే ముందున్న బండి తోలేవాడొక్కడు మెలకువగా ఉంటే చాలు, వెనక ఎడ్లు ముందు బండినే అనుసరించేవి. ట్రాక్టరు వచ్చాక వేగం అయిదారు రెట్లు పెరిగింది గాని, ఈ ఒక్క సౌకర్యం మాత్రం పోయింది. ట్రాక్టరు తనంత తాను దారి చూసుకోదు.

రాత్రి ప్రయాణం ఎంచుకోవడానికి కారణాలు ఇప్పటికీ పాతవే. పగలు రోడ్డు మీద కార్లు, లారీలు, బస్సులు ఎక్కువ. పిల్లలు రాత్రయితే నిద్రపోతారు. తెల్లారేసరికి చేరితే మేడారం దగ్గరి జంపన్నవాగులో స్నానం చేసి దర్శనానికి వరస కట్టవచ్చు. మాఘమాసపు శుక్లపక్షం కావడంతో వెన్నెల కూడా తోడుంటుంది. అయితే పంచాంగాన్ని ఇంకో చూపుతోనూ చూడాలి. ఏకాదశి, ద్వాదశి రాత్రుల్లో చంద్రుడు తెల్లవారుజామున మూడు నాలుగు గంటల మధ్యే అస్తమిస్తాడు. సరిగ్గా అప్పుడే మంచు దిగుతుంది, డ్రైవర్ కన్ను మూతపడుతుంది, దారి అడవిలోకి ప్రవేశిస్తుంది. అనుభవమున్న ఇంటిపెద్దలు ఈ మూడూ ఒకచోట కలవకుండా చూస్తారు. రాత్రి తొమ్మిదికి బయల్దేరే బదులు సాయంత్రం ఆరుకే కదిలి, ఒంటిగంటలోపు అడవికి ముందున్న పస్రా చేరి, అక్కడ తెల్లారేదాకా బండి ఆపేస్తారు. ఈ ప్రయాణంలో ఎప్పుడు కదలాలన్నది సగం లెక్కే, ఎక్కడ ఆగాలన్నది మిగతా సగం. కొత్తవాళ్లు మొదటిది మాత్రమే వేసుకుంటారు.

ట్రాలీ సిద్ధం చేయడం ముందురోజు పని. జాతర రోజులు మిర్చి మార్కెట్‌కు వచ్చే రోజులు. ట్రాక్టర్లన్నీ బస్తాలతో వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్ దారి పట్టి ఉంటాయి. అందుకే సొంత ట్రాక్టరు లేనివాళ్లు సంక్రాంతి నాటికే ఎవరితోనో మాట్లాడి పెట్టుకుంటారు. ట్రాలీని కడిగి ఆరబెట్టి, వెదురు బొంగులను అడ్డంగా వంచి రెండు పక్క రేకులకూ కడతారు. పైన టార్పాలిన్ కప్పి తాళ్లతో బిగిస్తారు. వెనకవైపు దాన్ని పూర్తిగా మూసేస్తే సైలెన్సర్ పొగ, దుమ్ము లోపలే తిరుగుతాయి. సగం వదిలేస్తే చలి కొడుతుంది. ముందువైపు చిన్న కిటికీలా చీల్చి, వెనక తెరను మడిచి కట్టుకునేలా ఉంచడం మధ్యేమార్గం. అడుగున జానెడు మందాన వరిగడ్డి, దాని మీద తాటిపత్రి, ఆపైన చాపలు, బొంతలు, గొంగళ్లు. గడ్డి కుదుపును మింగుతుంది, చలిని ఆపుతుంది, తిరిగొచ్చాక బర్రెల ముందు పడుతుంది. దానికున్న ఒకే ఒక చెడ్డగుణం అంటుకోవడం. కదిలే ట్రాలీలో పొయ్యి, బీడీ, అగరొత్తి ఏవీ ఉండకూడదు. పసిపిల్లకు పాలు వేడి చేయాలన్నా బండి ఆపి, కిందికి దిగి చేయాల్సిందే.

సామాను ఎక్కడ పెట్టాలన్నది చాలామంది పట్టించుకోని విషయం, నిజానికి అన్నిటికన్నా ముఖ్యమైనది. మేడారం బండిలో బరువులు తక్కువేమీ కాదు. బంగారమని పిలిచే బెల్లం ఉంటుంది. నిలువెత్తు మొక్కు ఉన్నవాళ్లకు అది మనిషి బరువుకు సమానం, ఇద్దరు ముగ్గురికి మొక్కు ఉంటే క్వింటాలు దాటుతుంది. బియ్యం, నీళ్ల డ్రమ్ము, వంట గిన్నెలు, కట్టెల మోపు, ఓ మూలకు కట్టిన మేకపోతు, గంపలో కోళ్లు. ఇవన్నీ వెనక్కి చేరితే రెండు చక్రాల ట్రాలీ ముందు భాగం పైకి లేస్తుంది, తగిలించిన చోట పిన్ను మీద ఒత్తిడి తిరగబడుతుంది, వేగం పెరిగితే ట్రాలీ అటూ ఇటూ ఊగడం మొదలవుతుంది. అమెరికాలో క్యాంపర్లు లాగేవాళ్లకు మొత్తం బరువులో పది నుంచి పదిహేను శాతం కొక్కెం మీద పడేలా సర్దుకోమని చెప్తారు. లెక్క తెలియకున్నా ఇక్కడి డ్రైవర్లు చేసేదీ అదే. బెల్లం, బియ్యం, నీళ్లు ఇరుసుకు కాస్త ముందు, మనుషులు మధ్యలో, బట్టల మూటలు వెనక. మరీ ముందుకు జరిపితే ట్రాక్టరు ముందు చక్రాలు తేలిపోయి స్టీరింగ్ మాట వినదు. కాబట్టి ఎక్కించాక ఊళ్లోనే ఒక చుట్టు తిప్పి చూడటం మంచి అలవాటు.

తర్వాత ట్రాక్టరు వంతు. పొలంలో ఒక పక్కకే తిరగడానికి కుడి, ఎడమ బ్రేకులను విడివిడిగా తొక్కుతారు. రోడ్డు మీద ఆ రెండు పెడళ్లను కొండీతో కలిపి తీరాలి. లేకపోతే ఒక చక్రమే ఆగి బండి అడ్డం తిరుగుతుంది. చాలా ట్రాలీలకు సొంత బ్రేకు ఉండదు. దిగుడులో న్యూట్రల్ వేసి డీజిల్ మిగుల్చుకుందామనుకునే డ్రైవర్ వెనక ట్రాలీ తోపును ఆపలేడు. ఎక్కిన గేరులోనే దిగాలి. కొక్కెం పిన్నుకు కింద కొండీ, దానికి తోడు ఒక గొలుసు. ఎత్తి పోసే హైడ్రాలిక్ ట్రాలీ అయితే ఆ లివర్‌కు పిల్లల చెయ్యి తగలకుండా తాడు. ఇక దీపాలు. జాతర దారిలో ప్రమాదాలకు చీకట్లో కనిపించని ట్రాలీ వెనక భాగం ఒక కారణం. వెనక ఎర్రలైటు, రెండు మూలలా మెరిసే స్టిక్కర్లు, అవి బొంతల కిందో తాటిపత్రి కిందో పోకుండా ఉండటం తప్పనిసరి.

ఒక మాట దాచడానికి లేదు. ట్రాలీ సరుకు మోయడానికి రిజిస్టరైన బండి. అందులో మనుషుల్ని ఎక్కించుకోవడం చట్టం ఒప్పదు, ప్రమాదం జరిగితే బీమా కూడా ఆదుకోదు. జాతర నాలుగు రోజులూ అందరూ చూసీచూడనట్టు పోతారు గాని, అనుమతి అంటే అది కాదు. ముసలివాళ్లను, పసిపిల్లలను, గర్భిణులను బస్సులో పంపి, సామాను, మేకపోతు, ఇద్దరు ముగ్గురు గట్టి మనుషులు మాత్రం ట్రాక్టరుతో పోవడం ఈ మధ్య కొన్ని ఇళ్లలో మొదలైంది. అదే తెలివైన పని. పెద్దవాళ్లను ఒప్పించడమే కష్టం. ఈ వ్యాసకర్త ఎక్కిన ట్రాలీలో బస్సు టికెట్టు చేతిలో పెట్టినా దిగనన్న అవ్వ ఒకామె ఉంది. “బస్సుల పోతే జాతరకు పోయినట్టేనా బిడ్డా” అన్నది ఆమె వాదం. దానికి ఎవరి దగ్గరా జవాబు లేకపోయింది.

దారి విషయానికొస్తే, హనుమకొండ నుంచి 163వ నంబరు జాతీయ రహదారి మీద ఆరేపల్లి దాటితే ఊరి రద్దీ తగ్గుతుంది. గుడెప్పాడ్ కూడలి, ఆత్మకూరు, కటాక్షపూర్ చెరువు, మల్లంపల్లి ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. గంటకు ఇరవై కిలోమీటర్లకు మించకపోతేనే లోపలివాళ్లకు నిద్ర పడుతుంది. ములుగుకు ముందే రోడ్డు పక్కన గట్టమ్మ గుడి. మేడారం పోయే ఏ బండైనా ఇక్కడ ఆగి కొబ్బరికాయ కొట్టనిదే ముందుకు కదలదు. దండం పెట్టుకోవడం ఎంత ముఖ్యమో, బండిని రోడ్డు మీద కాకుండా పూర్తిగా కిందికి దింపి ఆపడం అంతే ముఖ్యం. డ్రైవర్ మారాల్సింది కూడా ఇక్కడే. మెలకువగా ఉంచడానికని మరొకరు మడ్‌గార్డు మీద కూర్చోవడం ఊళ్లల్లో మామూలు. ట్రాక్టరుకు సీటు ఒకటే ఉంటుంది, నిద్రమత్తులో జారితే పెద్దచక్రం కిందే పడతారు. ఇద్దరు డ్రైవర్లు వంతులవారీగా నడుపుతూ, రెండోవాడు ట్రాలీలో పడుకోవడమే సరైన పద్ధతి.

2019లో జిల్లా కేంద్రమైన ములుగులో డీజిల్, టీ, మందుల దుకాణం దొరుకుతాయి. ఆ తర్వాత జంగాలపల్లి, గోవిందరావుపేట, పస్రా. జాతర రోజుల్లో ప్రైవేటు వాహనాలను పస్రా నుంచి నార్లాపూర్ దారికి మళ్లిస్తారు. తాడ్వాయి దారి బస్సులకు. పస్రా నుంచి రెండు వైపులా అడవి, దారి పొడవునా బండ్ల వరస. గంటలు గంటలు కదలకపోవడమూ ఉంటుంది. అందుకే సద్ది మొదటి రాత్రికి సరిపడా కాదు, మరో పూటకు మిగిలేలా కడతారు. సంక్రాంతికి చేసిన సకినాలు, గారెలు, పులిహోర, మామిడికాయ తొక్కు. చింతపండు పులుపు వల్ల పులిహోర ఒక రోజు నిలుస్తుంది. పెరుగన్నం నిలవదు. నీళ్లు మాత్రం తాగడానికి వేరే డబ్బాలో ఉండాలి, డ్రమ్ము నీళ్లు చేతులకూ గిన్నెలకూ.

నార్లాపూర్, ఊరట్టం, కొత్తూరు, రెడ్డిగూడెం చుట్టుపక్కల ఖాళీ పొలాలే విడిదులు. గద్దెలకు దగ్గరగా దిగాలని లోపలికి దూరేవాళ్లు తిరిగి బయటపడటానికి ఒక పూట పోగొట్టుకుంటారు. రెండు కిలోమీటర్లు నడిచే ఓపిక ఉంటే తిరుగు దారికి దగ్గరగా ఆపడమే లాభం. ట్రాలీ చక్రాలకు రాళ్లు పెట్టి, ముందు స్టాండు దించి, ట్రాక్టరును విప్పేస్తే అది నీళ్లు తేవడానికి పనికొస్తుంది. చుట్టూ చీరలు కడితే గది, మూడు రాళ్లు పెడితే వంటిల్లు. వేల ట్రాలీలు ఒకేలా కనిపిస్తాయి కాబట్టి పొడుగాటి బొంగుకు ఇంటి చీర ఒకటి కట్టి ఎగరేస్తారు. ఫోన్లు అన్నిసార్లూ కలవవు. పిల్లల చొక్కా జేబులో నంబరు రాసిన చీటీ పెట్టి, తప్పిపోతే ఫలానా చోటికి రావాలని వాగుకు పోకముందే చెప్పుకోవాలి. కాకతీయ సేనలతో పోరులో సమ్మక్క కొడుకు జంపన్న పడిన సంపెంగవాగే జంపన్నవాగైందని చెప్పుకుంటారు. స్నానం, అమ్మవార్లకు ఎదురుగా కోళ్లను ఎగరేసే ఎదురుకోళ్లు, గద్దెల దగ్గర బంగారం, ఆ తర్వాత మేకపోతు కూర. ఈ క్రమం ఇళ్లను బట్టి కొద్దిగా మారుతుంది.

తిరుగు ప్రయాణం వచ్చిన దారిన కాదు. నార్లాపూర్ నుంచి బయ్యక్కపేట, భూపాలపల్లి, రేగొండ, పరకాల మీదుగా గుడెప్పాడ్‌లో మళ్లీ పాత రోడ్డు కలుస్తుంది. దూరం ఎక్కువ, అలసట ఇంకా ఎక్కువ. కాబట్టి దీన్ని రాత్రి పెట్టుకోకూడదు. అమ్మవార్లు గద్దె దిగగానే అందరూ ఒకేసారి కదులుతారు. శనివారం రాత్రి అక్కడే నిద్రపోయి ఆదివారం పొద్దున పది దాటాక బయల్దేరినవాళ్లు సాయంత్రానికి ఇల్లు చేరతారు. దారిలో రామప్ప గుడి చూడాలనుకునేవాళ్లు ట్రాలీతో పాలంపేట సందుల్లోకి పోకుండా ఆ పనిని మరో రోజుకు పెట్టుకోవడం మేలు. 1213 నాటి ఆ గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక అక్కడి రద్దీ కూడా పెరిగింది. ఇంటికొచ్చాక బంగారం ప్రసాదాన్ని వాడకట్టంతా పంచుతారు. గూడు విప్పి, టార్పాలిన్ ఆరేసి, కొక్కెం పిన్ను అరిగిందేమో చూసి ట్రాలీని ఇచ్చినవాళ్లకు అప్పజెప్తారు. సోమవారం నుంచి అది మళ్లీ మిర్చి బస్తాలకు కావాలి.