నలభై ఒకటో నంబరు నుంచి

నౌపడ నుంచి గుణుపురం వెళ్ళే చిన్న రైలు 2004లో ఆగిపోయింది. 1900లో పర్లాకిమిడి రాజావారు మొదలుపెట్టిన లైను అది. పట్టాల మధ్య రెండున్నర అడుగుల ఎడమే. బ్రాడ్‌గేజి వేస్తారని తెలిశాక ఒకరోజు డిజిటల్ కెమెరా పట్టుకెళ్ళి 60 ఫోటోలు తీశాను. "రైలుకేటి బాబూ ఫోటో? రోజూ వస్తాది గదా" అంది గంప దించుకుంటూ ఒకావిడ. ఆవిడనీ తీశాను. ఇంటికొచ్చి అన్నీ కంప్యూటర్లో 'కొత్తవి' అనే ఫోల్డర్లో వేసి, కార్డు ఫార్మాట్ చేసేశాను.

ఆ చలికాలం తేలినీలాపురం వెళ్ళి పెలికాన్లను 40 ఫోటోలు తీశాను. ఫార్మాట్ చేసిన కార్డు కదా, కెమెరా మళ్ళీ ఒకటో నంబరు నుంచి లెక్క పెట్టింది. అవీ 'కొత్తవి'లోకే లాగాను. ఇవే పేర్లతో ఫైళ్ళున్నాయి, వాటి స్థానంలో ఇవి పెట్టమంటారా అని కంప్యూటర్ అడిగింది. చదవకుండానే 'అన్నిటికీ అవును' నొక్కేశాను.

పెలికాన్లు ఏటా వస్తాయి. చిన్న రైలు మరి రాదు. ఇంజనూ, గంప ఆవిడా మొదటి నలభైలో పోయారు. 41లో బండి చివరి పెట్టె, గార్డు చేతిలో పచ్చ జెండా ఉన్నాయి. అక్కడి నుంచే నాకు మిగిలింది.

ఇప్పుడు ఎక్కడికెళ్ళొచ్చినా ఒక ఫోల్డరు. పేరులో ముందు సంవత్సరం, తర్వాత నెల, రోజు, ఆపైన ఊరు. అలా రాస్తే ఫోల్డర్లు వాటంతటవే వరసలో నిలబడతాయి. కార్డులోంచి కట్ చెయ్యను, కాపీయే చేస్తాను. వేరే హార్డ్‌డిస్క్‌లో రెండో కాపీ పడి, నాలుగైదు ఫోటోలు తెరిచి చూసుకున్నాకే కార్డు ఖాళీ చేస్తాను.

మిగిలిన ఆ ఇరవైకీ అలాగే పేరు పెడదామని కూర్చున్నాను. ఫైల్లో చూస్తే తేదీ 1-1-2000 అని ఉంది. బ్యాటరీ తీసి పెట్టాక గడియారం సరిచెయ్యలేదు. నెల నాకూ గుర్తులేదు. ఒక్కొక్కటే పెద్దది చేసి చూశాను. 52లో నౌపడ ఉప్పు మళ్ళు. గట్ల మీద ఉప్పు తెల్లగా కుప్పలు పోసి ఉంది, తాటాకులు ఇంకా కప్పలేదు. అంటే ఎండలు ముదిరాక, వానలు పడకముందు.

ఫోల్డరుకు ఆ పేరే పెట్టాను: '2004-వానలకు ముందు-నౌపడ-చిన్న రైలు'.